వెనక కూర్చున్న మనిషి

మొయినాబాద్

తమ్ముడు రత్నాకర్‌కు అక్క ఆశీస్సులు.

ఆదివారం వచ్చి బండి మలుపులు మళ్లీ నేర్పుతానన్నావు. రావద్దు. నేర్పింది చాలు.

పక్షవాతంతో మీ బావ కుడిచెయ్యి పడిపోయాక, వారం వారం చేవెళ్ల దవాఖానలో వ్యాయామం చేయించాలనే కదా ఈ వయసులో బైకు నేర్చుకున్నాను. "గుంతల దిక్కు చూడకక్కా, మలుపు యాడ అయిపోతదో ఆడ చూడు" అన్నావు. అలాగే చూశాను. మంగళవారం ఆయనను ఎక్కించుకుని బయలుదేరాను. మొదటి మలుపులో బండి కుడికి వంగగానే, పడిపోతామనుకుని ఆయన ఎడమకు ఒరిగాడు. అటే పడ్డాం. నాకు గీతలే. ఆయన మంచి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

"నీ తప్పేం లేదు, నాకే భయమైంది" అన్నాడు. ఇప్పుడు అన్నం నేనే తినిపిస్తున్నాను. ఆటో మాట్లాడతానంటే "ఇగ యాడికీ రాను, నన్ను ఇడిసిపెట్టు" అని గోడ వైపు తిరుగుతున్నాడు. వ్యాయామం ఆపితే కుడిచెయ్యి ఇక రాదని డాక్టర్ ముందే చెప్పాడు.

నిన్న మందుల కోసం ఒక్కదాన్నే చేవెళ్ల వెళ్లి వచ్చాను. ఒక్క మలుపులో కూడా భయం వేయలేదు. వెనక బరువు లేక బండి ఎంత తేలిగ్గా తిరిగిందో, నీకు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

మీ అక్క