అవ్వ పెళ్లిచీర జరీ

ధర్మవరం

బంగారుతల్లి లక్ష్మీప్రియకు,

ఇండోర్‌లో వేళకు తింటాండావా? ఫోన్లో నాకు సరిగా వినపడదు, అందుకే రాస్తాండా. మీ తాత ఊరందరికీ చీరలు నేసినాడు గానీ నాకని నేసింది నా పెళ్లిచీర ఒకటే. మొన్న పెట్టె తీస్తే జరీ అంతా నల్లగా ఉండాది. ఎదురింటి కుళ్ళాయమ్మ చూసి, "ఏమక్కా, బావ నీకు గిల్టు జరీ ఏసినాడే" అని నవ్వింది. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్తాడా? మీ ఆఫీసులో ఏదో వెలుగు ఉండాది, అది ఏ వస్తువు లోపల ఏముందో చెప్తాదంటివే. కొంగులో పోగొకటి తెంపి పంపిస్తాండా. గిల్టైతే గిల్టనే చెప్పు, దాచొద్దు.

మీ అవ్వ పుట్టమ్మ

ఇండోర్

ప్రియమైన అవ్వా,

పోగును చింతపండు పెట్టి తోమి పంపినావు కదూ! తళతళలాడిపోతోంది. నాకు కావలసింది ఆ నలుపే! ఇంకోటి పంపు, తడిగుడ్డ కూడా తగిలించకు. ఇక్కడ పెద్ద గుండ్రటి గొట్టంలో ఎలక్ట్రాన్లను దాదాపు వెలుగంత వేగంతో తిప్పుతారు. అయస్కాంతాలు వాటిని మలుపు తిప్పిన చోటల్లా వెలుగు చిమ్ముతుంది. అందులోని ఎక్స్‌రేలు పోగు మీద పడితే వెండి, రాగి, బంగారం దేని గుర్తు అది బయటపెడతాయి. పోగు తెగదు, కాలదు.

నీ ప్రియ

ధర్మవరం

ప్రియా,

తోమకుండా ఎట్ల పంపేది? అంతమంది చదువుకున్నోళ్ళ ముందర మసి పోగు పెడితే మీ తాతకు నామర్దా కాదా? సరే, ఇది తోమలేదు. తొందరగా చూడు, నాకు కూడు దిగడంల్యా.

అవ్వ

ఇండోర్

ప్రియమైన అవ్వా,

ముందు కడుపునిండా తిను. తాత వేసింది అసలు వెండి జరీ, పైన బంగారు పూత! నలుపు గంధకం వల్ల వచ్చింది. పోగుకు ఉన్ని వెంట్రుక అంటుకుని ఉంది. ఉన్నిలో గంధకం ఉంటుంది, మూసిన పెట్టెలో ఏళ్లతరబడి తగిలితే వెండి నల్లబడుతుంది. చీరను దేంట్లో చుట్టినావు? వెంటనే తీసి తెల్లటి నూలుగుడ్డలో పెట్టు.

నీ ప్రియ

ధర్మవరం

నా తల్లీ,

నీ జాబు కుళ్ళాయమ్మకు రెండుసార్లు చదివి వినిపించినా. ఆమెకు కాఫీ పోసి పంపినాలే.

చీర చుట్టింది మీ తాత కంబళిలో. ఆయప్ప పోయినప్పుడు ఒంటిమీంచి తీసి, ఉతక్కుండా చీరకు చుట్టి పెట్టినా. అయితే నల్లగా చేసింది నేనే. కానీలే, ఆయప్ప ఏసింది వెండేనని తెలిసింది, నాకు అది చాలు. నేను పోయినాక చీర నీదే, అప్పుడు తెల్లగుడ్డలో చుట్టుకో. అంతవరకు ఆ రెంటినీ నేను విడదీయను.

కడుపునిండా తింటాండే మీ అవ్వ