తెల్లగుడ్డ పరిచిన బెంచీ

తోర్మోద్ అన్నయ్యకు,

సంఘ పెద్దవు నువ్వే అయినా నియమం నాకూ తెలుసు. ముందుగా పెద్దల ఎదుట విశ్వాసం ఒప్పుకుని సీసపు బిళ్ళ తీసుకున్నవాళ్ళే ప్రభువు బల్ల దగ్గర కూర్చుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలి. కానీ పరలోక రాజ్యంలో తనకు చోటుందో లేదోనని జన్మంతా చర్చిలో వెనక వరుసలోనే ఉండిపోయిన అమ్మ, మొన్న ఆదివారం కీర్తన మధ్యలో తనంతట తానే లేచి ముందుకు నడిచింది. తెల్లగుడ్డ పరిచిన బెంచీ దగ్గర నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, "బిళ్ళేదమ్మా?" అన్నావు. దీవిలో సగం మంది చూస్తుండగా ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.

అప్పటినుంచి పొయ్యి దగ్గర్నుంచి లేవడం లేదు. ఆపింది నువ్వే గాని దేవుడు కాదని ఎంత మొత్తుకున్నా వినదు. పాస్టరుగారు స్వయంగా బిళ్ళ తెచ్చి ఇచ్చినా పుచ్చుకోలేదు. నిన్ను తిడదామని నోరు తెరిస్తే నన్నే కసిరింది.

"వాడినేమీ అనకు. పైన గుమ్మం దగ్గర కూడా వాడే ఉంటే బాగుణ్ణు. పొమ్మన్నా, అమ్మా అని పిలిచి పొమ్మంటాడు."

దీనికి జవాబు నువ్వే వచ్చి చెప్పు.

చెల్లి