అబ్బాయి తిన్నాడమ్మా

టికియాపారా రైల్వే క్వార్టర్స్,
ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పరాణికి జయప్రకాశ్ ఆశీస్సులతో రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం అని మొదట రాయడం ఆనవాయితీ కనుక రాశాను. అక్కడ నువ్వూ, మన అమ్మాయి రోజా, పురిటి మనవడూ బాగున్నారని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేమిటి అంటావు. ఉన్నది ఒక్క గది, మంచం మీద అమ్మ, ఆవిడవి పాము చెవులు. ఆవిడ ముందు చెప్పలేని సంగతి ఒకటుంది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మామిడికాయ పప్పు ఇప్పుడు బాగానే కుదురుతోంది. మొదటిసారి ముక్కలన్నీ పప్పుతో కలిపి కుక్కర్లో పడేశాను. ఎన్ని కూతలు కూసినా పప్పు బద్ద బద్దగా నిలబడి నన్ను వెక్కిరించింది. తర్వాత నువ్వు చెప్పినట్టు పప్పు విడిగా ఉడికించి, ఆపైన ముక్కలు వేసి, వెల్లుల్లి పోపు పెట్టాను. కూరలమ్మే బెంగాలీ దాదా మాత్రం "పప్పులో కాస్త చక్కెర వెయ్యి దాదా, మా ఇళ్ళలో అంతే" అంటాడు. నీ దాల్ నీది, నా పప్పు నాది పోవయ్యా అన్నాను. బీరకాయ చేదు చూశాకే కోస్తున్నాను. పొట్టు పారెయ్యకుండా పచ్చడి కూడా చేశాను, నమ్ము! ఆనపకాయ పాలు పోసి వండితే వెన్నలా వచ్చింది. పళ్ళు లేని అమ్మకు సుఖంగా ఉంటుందనుకున్నాను. కలకత్తా ఎండకు ఆ పొయ్యి ముందు కూరకంటే ముందు నేనే ఉడుకుతున్నాను.

ఇక అసలు సంగతి. అమ్మ తింటోందా అని నువ్వు అడిగినప్పుడల్లా తింటోందన్నాను. అబద్ధం పుష్పా. నువ్వు రోజా పురిటికి వెళ్ళిన దగ్గర్నుంచి మొన్నటిదాకా ఆవిడకు మజ్జిగ తప్ప ఏదీ గొంతు దిగలేదు.

నీకు తెలుసుగా, నేను డ్యూటీ దిగి వచ్చి తింటేగాని ఆవిడ ముద్ద ముట్టదు. దానికోసం మనం ఎన్నిసార్లు పోట్లాడాం! ఇప్పుడూ అంతే. కంచం పెడితే మూత వేసేస్తుంది. "నా కొడుకు డూటీ నుంచి రానీ బాబూ. ఆడు తిన్నాక తింతాను."

"అమ్మా, నేనే నీ కొడుకుని" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "ఏటి బాబూ, పరాసికాలా? నా కొడుకు పొయ్యికాడికి ఎప్పుడైనా ఒచ్చినాడేటి? నాను రానిచ్చినానేటి?"

నిజమే కదా. పుట్టి బుద్ధెరిగి నన్ను వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. గరిట పట్టినవాడు ఆవిడకు కొడుకెలా అవుతాడు? వండకపోతే ఆవిడ పస్తు, వండితే నేను పరాయివాణ్ణి. నువ్వు వెళ్ళడానికి వీలుగా సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఏం సాధించానో నాకే తెలీడం లేదు. ఒకరోజు డ్యూటీ చొక్కా తొడుక్కుని, బయటికెళ్ళి తలుపు కొట్టాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళకంటిన పసుపు చూసి వదిలేసింది. "నా కొడుకు సొక్కా నువ్వెందుకు తొడిగినావు?" అని ఒకటే ఏడుపు. మళ్ళీ ఆ చొక్కా జోలికి పోలేదు. డాక్టరు గారేమో మతిమరుపు ముదిరింది, ఎలాగైనా తినిపించండి అంటారు. ఆ ఎలాగైనా ఎలాగో చెప్పరు.

నిన్న మంచి హిమసాగర్ మామిడిపండొకటి కోసి పెరుగన్నం పక్కన పెట్టాను. వాసనకు అమ్మ కళ్ళు మెరిశాయి. హమ్మయ్య, ఇవాళ తింటుందనుకున్నాను. ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తి నా చేతికిచ్చింది. "టేసను వైపు ఎల్తే నా కొడుక్కిచ్చిరా బాబూ. ఆడికి మామిడిపండంటే పేణం."

గిన్నె పట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాను. ఏం చెయ్యాలో తోచలేదు. ఏడుస్తూనే అన్నీ తినేశాను. ఖాళీ గిన్నె తెచ్చి చూపించి, "అబ్బాయి తిన్నాడమ్మా, కడుపు నిండా" అన్నాను.

"తిన్నాడా!" అంటూ కంచం దగ్గరికి లాక్కుంది. పెరుగన్నం మొత్తం తింది. పప్పు అడిగి మరీ వేయించుకుంది.

ఇవాళా అంతే జరిగింది. ఇందుకు సంతోషించాలో ఏడవాలో నువ్వే చెప్పు. బాలింతను వదిలేసి రమ్మని రాయలేను, రావద్దనీ రాయలేను. నువ్వొచ్చి గరిట పుచ్చుకుంటే నేను మళ్ళీ కొడుకునవుతానేమో అని ఆశ. అప్పటికి ఆవిడకు నా ముఖం గుర్తుంటుందో లేదో.

ఇందాక చెయ్యి కడుక్కుంటూ అమ్మ అంది, "నీ సేతి వంట బాగుంది బాబూ. నా కొడుకు రాగానే సెప్తాను, నిన్ను మానిపించొద్దని."

సరేనమ్మా అన్నాను.

ఇట్లు,
మీ అత్త కొడుకు,
జయప్రకాశ్