నాన్న వాక్యూమ్ క్లీనర్ తిరిగిందోచ్!

ఒరేయ్ తమ్ముడూ,

హాల్లో నాన్న పాత వాక్యూమ్ క్లీనర్ ఉంది. మోటారు మూత ఇంకా బిగించలేదు. లేవగానే ముందు ప్లగ్గు పీకు. తరవాత ఇరుసుకి రెండు చివర్లా ఉన్న ఉన్ని వత్తుల మీద అటో చుక్క, ఇటో చుక్క నూనె వేసి, మూత పెట్టి మరలు బిగించు. పొట్టి మర పిడివైపు. నూనె అంటే కిటికీలో ఉన్న కుట్టుమిషన్ నూనె. వంటింట్లోది కాదు!

మోటారు కాలిపోయింది, పాత సామాన్లకి వేసేద్దామని మూడేళ్లుగా నా ప్రాణం తీశావు. కాలనూ లేదు, పాడూ లేదు. అప్పుడెప్పుడో నువ్వు గరిటెడు వంటనూనె పోశావే, అదే బంకలా గడ్డకట్టి ఇరుసుని పట్టేసింది. నాలుగు ఆదివారాలు కిరసనాయిలుతో కడిగాను. ఇరవయ్యేళ్లుగా మోటార్ల షాపులో చేస్తున్నదాన్ని, నా మాట మాత్రం నీ చెవికెక్కదు!

పొద్దున భయపడుతూనే మీట నొక్కాను. తిరిగిందిరా! పిల్లి ఒక్క గెంతుకి బీరువా ఎక్కేసింది. నేను ఒకే తివాచీని మూడుసార్లు ఊడ్చాను. షాపుకి ఆలస్యమైంది, పోతున్నా.

అక్క

అసలు సంగతి మర్చిపోయాను. ఆ చప్పుడు వినగానే, సోఫాలో కునికిపాట్లు పడుతున్న అమ్మ కళ్లు తెరవకుండానే రెండు కాళ్లూ పైకెత్తేసింది, నాన్న ఉన్నప్పుడు ఎత్తినట్టే. "అయిందా? దించెయ్యనా?" అంది. అందుకే ఇంకో రెండుసార్లు ఊడ్చాను.