బానెట్ చల్లగా ఉండగానే

4 నవంబర్ 2025, మంగళవారం, సాయంత్రం 5

ఇవాళ మామయ్య బస్సులో వాంతి చేసుకున్నారు.

డయాలిసిస్ అయ్యాక చిక్కబళ్ళాపురంలో ఎక్కితే నిలబడటానికే చోటు లేదు. పేరేసంద్రలో ఒకాయన లేచి సీటిచ్చాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. బాగేపల్లిలో సగం పెళ్ళిళ్ళకు ముహూర్తాలు పెట్టిన శ్రీనివాసమూర్తిగారు కోడలి చున్నీతో మూతి తుడుచుకోవాల్సి వచ్చింది. ఇంటికి రాగానే, నేనింక రానమ్మా మేఘా, ఈ నెలతో చాలు, అన్నారు.

చాలు అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మానేస్తే ఎన్ని రోజులో డాక్టర్ ముందే చెప్పారు. ఈయన అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయంగా ఉంది.

5 నవంబర్

కారు కొనాలి. ఫోన్లో శ్రీధర సరేనన్నాడు. బెంగళూరు ఉద్యోగం కదా, నాకు ఆదివారం మొగుడు. వెతికేదీ నేనే, నడిపేదీ నేనే. నాలుగు లక్షల లోపు, సెకండ్ హ్యాండ్, డీజిల్. వారానికి రెండుసార్లు ఎనభై కిలోమీటర్లు, పైగా నా స్కూలు. పెట్రోల్ బండి మాకు గిట్టదు. అన్నిటికంటే ముఖ్యం, దారిలో ఆగకూడదు. ఒక్కసారి ఆగిందంటే మామయ్య మళ్ళీ ఎక్కరు.

8 నవంబర్, రెండో శనివారం

పక్కింటివాళ్ళు చింతామణి వెళ్తుంటే వాళ్ళ కారులో వెళ్ళాం. మామయ్య కూడా వస్తానన్నారు. ఆదినారాయణప్ప అనే ఆయన ఎర్ర కారు అమ్ముతున్నాడు. మేం చేరేసరికి తొమ్మిది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. అది దాటేదాకా బండిని ముట్టుకోకూడదని మామయ్య పట్టు.

ఆదినారాయణప్ప ఎంత మర్యాదస్తుడో! కాఫీ తాగుతా కూర్చోండి పెద్దాయప్పా, అంతలోపల నేను ఏసీ ఏసి బండి చల్లగా చేస్తా, అని స్టార్ట్ చేసి వదిలేశాడు. పదిన్నర దాటాక నేను తాళం తిప్పితే ముట్టుకోగానే పలికింది. నంబరు కూడితే తొమ్మిది వచ్చిందని మామయ్యకు సంతోషం. పెయింట్ చూసి నాకు సంతోషం. సోమవారం అడ్వాన్స్ ఇస్తామని చెప్పి వచ్చాం.

అదే రోజు, సాయంత్రం

పేరేసంద్ర మెకానిక్ పిళ్ళప్పకు ఫోన్ చేశాను. వాళ్ళమ్మాయి నా స్టూడెంట్. ఒకటే ప్రశ్న అడిగాడు. మీరు చూసేటప్పుడు బానెట్ చల్లగా ఉండాదా టీచరమ్మా, కాలతా ఉండాదా, అని. గంటన్నర ఏసీ నడిచిందని చెప్పాను. నవ్వాడు. డీజిల్ బండి రోగం పొద్దున్నే, ఎవురూ తాకకముందే తెలుస్తాది, వేడెక్కినాక అన్నీ మంచి బండ్లే, అన్నాడు. మన పెద్దోళ్ళు రాహుకాలం పోయేదాకా కూర్చుంటారని అమ్మేటోళ్ళకు బాగా తెలుసు, అని కూడా అన్నాడు.

నేను పిల్లలకు సైన్స్ చెప్పే మనిషిని. సిగ్గేసింది.

9 నవంబర్, ఆదివారం

ఆదినారాయణప్పకు చెప్పకుండా వెళ్ళాం, నేనూ పిళ్ళప్పా, అతని వ్యాన్‌లో. ఉదయం ఆరున్నర. ఆదినారాయణప్ప పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చాడు. ఆరుసార్లు తిప్పినా అంటుకోలేదు. ఏడోసారి గడగడా వణుకుతూ లేచి వీధంతా తెల్లపొగ కక్కింది. చలికాలం కదమ్మా, అన్ని బండ్లూ ఇంతే, అన్నాడాయన. చెప్పేవాడికి వినేవాడు లోకువ! పిళ్ళప్ప ఆయిల్ మూత తీసి చూశాడు. అందులోంచీ పొగే. ఏడాది తిరక్కుండా ఇంజిన్ దించాల, వద్దమ్మా, అన్నాడు.

ఇంటికొచ్చి బానెట్ సంగతంతా మామయ్యకు చెప్పాను. పైన పటారం, లోన లొటారం. తప్పించుకున్నాం. కానీ కారు లేదు.

11 నవంబర్, మంగళవారం

మళ్ళీ బస్సే. సీటు దొరికింది. ఇంట్లో చెప్పులు విప్పుతూ మామయ్య, శుక్రవారం నువ్వు స్కూలుకు రజా పెట్టొద్దులే, అన్నారు.

12 నవంబర్

పిళ్ళప్ప ఫోన్. జంగమకోటెలో మునికృష్ణప్ప అని పట్టుపురుగులు పెంచే రైతు. పదేళ్ళ డిజైర్ డీజిల్ కారు అమ్ముతున్నాడట, ఒకే ఓనరు, మొదటినుంచీ సర్వీసు పిళ్ళప్ప చేతిమీదే. ఎనిమిదికల్లా ఆయన పట్టుగూళ్ళ మార్కెట్‌కు పోవాలి కాబట్టి రేపు ఆరున్నరకే రమ్మన్నాడు.

క్యాలెండర్ చూశాను. గురువారం ఆరు నుంచి ఏడున్నర దాకా యమగండం.

దాచలేదు, మామయ్యకు చెప్పేశాను. యమగండంలో నాకోసరం బండి చూస్తావా, అని నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. శుక్రవారం మీరు మానేస్తే ఇంతకంటే పెద్ద గండం ఏముంది మనకు, అని అరిచాను. ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళలో ఆయన ముందు గొంతెత్తడం ఇదే మొదటిసారి.

ఆయన పంచాంగం తీసి చాలాసేపు పేజీలు తిప్పారు. అందులో ఉన్నదంతా ఆయనకు నోటికి వచ్చు. తరవాత, చూసేదానికి దోషం లేదు, కొనేదానికే, అన్నారు. నేనూ వస్తా, అన్నారు.

13 నవంబర్, గురువారం

జంగమకోటెలో ఆరూ నలభై. కారు మీద మంచు. నేను దిగేలోపే మామయ్య వ్యాన్ దిగి, చేతికర్రతో మెల్లగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. యమగండంలోనే! చల్లగా ఉండాది పిళ్ళప్పా, తిప్పు, అన్నారు.

ఒక్క తిప్పు. పొగ లేదు, వణుకు లేదు.

పిళ్ళప్ప ఆయిల్ మూత తీశాడు, కింద దూరాడు, తను పక్కన కూర్చుని నాచేత శిడ్లఘట్ట రోడ్డు మీద మూడు మైళ్ళు తోలించాడు. మునికృష్ణప్ప తన బండి తప్పులు తనే చెప్పాడు. ఎడమ పక్క గేటుకు గీసుకునింది, వెనక డోరు గట్టిగా ఏస్తేనే పడతాది, పాటలు రావు. మాకు పాటలెందుకు?

ఏడూ ముప్పై రెండుకు మామయ్య తన పెన్షన్ డబ్బులోంచి అడ్వాన్స్ తీసి ఇచ్చారు. ఆస్పత్రికి కదమ్మా, రేప్పొద్దున్నే తోలుకొని పొండి, పేపర్లు సోమవారం చేసుకుందాం, అన్నాడు మునికృష్ణప్ప. అందరి ముందూ ఏడ్చేశాను. పది రోజులుగా గుండెల మీదున్న బరువు దిగింది.

14 నవంబర్, శుక్రవారం

పొద్దున్నే పిళ్ళప్ప కారు తెచ్చి ఇచ్చాడు. వెళ్ళాం, వచ్చాం. తిరుగుదారిలో మామయ్య నిద్రపోయారు. ఇంజిన్ ఆపితే లేస్తారని ఇంటి ముందు ఇరవై నిమిషాలు ఊరికే డీజిల్ కాల్చాను. కళ్ళు తెరిచి, మంగళవారం ఎన్ని గంటలకు బయల్దేరాల, అని అడిగారు.