రిహార్సల్లో తల్లిని నేను

మార్చి 3

విమానం వెనక తలుపు గాలిలో ఊడిపోయి నెలైంది. ఆ తలుపులు బిగించే సెక్షన్లో పనిచేసే మా తమ్ముణ్ణి ఇవాళ సస్పెండ్ చేశారు. చెకింగ్ ఎగ్గొట్టింది వాడేనట. డెలివరీలు లేటవుతున్నాయి, రెండోసారి చెకింగ్ వద్దని పైనుంచే చెప్పారక్కా అని వాడు మొత్తుకుంటున్నాడు. అంతా నోటిమాటే. కాగితం ముక్క లేదు. నేనూ అదే విమానాల కంపెనీ. వాడు కింద షెడ్డులో, నేను పైన కమ్యూనికేషన్స్‌లో, పెద్దవాళ్లు బయట ఏం మాట్లాడాలో రాసిచ్చే పని.

మార్చి 6, మధ్యాహ్నం

చైర్మన్ ఎంక్వైరీ కమిటీ ముందుకు వెళ్లాలి. దానికి రిహార్సల్ అట. లాయర్లే కమిటీ మెంబర్లుగా కూర్చుంటారు. ఆ ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి కూడా ప్రశ్న అడుగుతుంది కాబట్టి, ఆ తల్లిగా నన్ను కూర్చోమన్నారు. మీ మొహంలో ఆ బాధ ఉందమ్మా అన్నాడు పెద్ద లాయరు.

ఎందుకుండదూ.

మార్చి 9

బాగా ఏడ్చానట. మెచ్చుకున్నారు.

మార్చి 11

ఇవాళ చైర్మన్ బాగా అలిసిపోయి ఉన్నాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మీకు ముందే తెలుసా అని రాసిచ్చిన ప్రశ్నే అడిగాను. ఆ వెంటనే రాసివ్వనిది ఒకటి నోరు జారింది. చెకింగ్ ఆపమన్నది ఎవరండీ అన్నాను. ఆయన నావైపే చూస్తూ, నేనేనమ్మా, నేనే ఆపమన్నాను అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు బతికిపోయాడనుకున్నాను.

పెద్ద లాయరు వాచీ చూసుకుని, కడుపులో ఉన్నది ఇక్కడే కక్కేశారు, మంచిదే సార్, అక్కడ మాత్రం వద్దు అన్నాడు. అందరూ నవ్వారు. చైర్మన్ కూడా.

మరి అక్కడేం చెప్పాలని చర్చ మొదలైంది. వెంటనే జవాబిస్తే బట్టీ పట్టినట్టుంటుంది, తల కొంచెం దించి, ఒక్క ఊపిరి ఆగి, ఎంక్వైరీ జరుగుతోంది కదమ్మా అనండి అని సలహా ఇచ్చింది నేనే. రోజూ చేసే పని కదా, అడగ్గానే నోటికొచ్చేసింది.

మార్చి 12

సేఫ్టీ కంప్లైంట్లు చూసే మేనేజర్‌తో అంతా చెప్పాను. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. రిహార్సల్లో అన్న మాట నాటకం కింద లెక్క, బయట చెప్పనని మీరు సంతకం కూడా పెట్టారు, పైగా అతనికి అక్క, ఎవరు నమ్ముతారు అన్నాడు. తిట్టినా బాగుండేది. గుమ్మం దాకా వచ్చి మర్యాదగా సాగనంపాడు.

తమ్ముడికి చెబితే ఉన్నపళంగా వెళ్లి గేటు దగ్గర అరుస్తాడు. నా ఉద్యోగమూ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నోరు కుట్టేసుకున్నాను.

మార్చి 18

ఎంక్వైరీ టీవీలో చూశాను. అసలు తల్లి బక్కపలచటి మనిషి. ఏడవలేదు, గొంతు పెంచలేదు. మీకు ముందే తెలుసా అని అడిగింది, అంతే. చైర్మన్ తల దించాడు. ఆగాడు. నేను చెప్పినదానికన్నా బాగా చేశాడు.

బయటికొచ్చాక ఆవిడ విలేకర్లతో, జవాబైతే చెప్పలేదు గానీ పాపం ఆయనా కుమిలిపోతున్నాడు అంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 27

చైర్మన్ రిటైరవుతున్నాడు. ఆరోగ్య కారణాలట. వీడ్కోలు ప్రసంగం నేను రాయాలి. తమ్ముడి మీద కేసు పెట్టారు.

మార్చి 29

భోజనాల దగ్గర తమ్ముడు, నువ్వు పైనే ఉంటావు కదక్కా, నా తప్పు లేదని వాళ్లకు తెలుసా అని అడిగాడు.

తల కొంచెం దించాను. ఒక్క ఊపిరి ఆగాను.

వాడు నా చెయ్యి పట్టుకుని, పోనీలే అక్కా, నువ్వు బాధపడకు అన్నాడు.