తిరగేసిన అడ్రస్

ఇంగ్లండ్‌లో ఉన్న నీ దోస్తు ఈమెయిల్ అడ్రస్‌ను డైరీలో తలకిందులుగా రాసిపెట్టి పోవడం ద్రోహం, శీనన్నా! నువ్వు పోయావని ఆయనకు చెప్పాలని ఇక్కడ గల్ఫ్‌లో, అల్ ఖౌద్‌లోని మన కంప్యూటర్ షాపు నుంచి నాలుగుసార్లు పంపాను. అన్నీ తిరిగొచ్చాయి. నిన్ను తిట్టుకుంటూ నెట్‌లో వెతికి తెలుసుకున్నాను. పాతకాలంలో అక్కడి యూనివర్సిటీల నెట్‌వర్క్‌లో దేశం ముందు, యూనివర్సిటీ తర్వాత రాసేవాళ్లట. మిగతా నెట్‌వర్క్‌ల వాళ్లు దాన్ని తిరగేసి రాసేవాళ్లట. నేనూ తిరగేసి పంపాను, చేరింది!

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. నవ్వాడు.

"ఏ వరుస రైటని నాతోని ముప్పై ఏండ్లు కొట్లాడిండు తమ్మీ. పోయేముందన్నా మా యూనివర్సిటోళ్లదే రైటని ఒప్పుకున్నడా, మొండోడు?"

"కనుక్కొని చెప్త సార్" అనేశాను.

డైరీలో ఆయన వరుసలోనే రాసిపెట్టావు కాబట్టి, ఒప్పుకున్నావనే చెప్పబోతున్నాను. గురువారం షాపు మూశాక ఆయనకు ఫోన్ చేస్తాను, కాదంటే ఆలోపు నువ్వే వచ్చి చెప్పు.